మడలో నీలం మొహాలు

నీటి పరీక్షల ల్యాబులో కొత్తగా చేరే పిల్లల కోసం నాలుగు మాటలు రాసిమ్మని మా పాత ఆఫీసువాళ్ళు అడిగారు. శాలువా కప్పి మైకు చేతికిస్తే ఎంతసేపైనా మాట్లాడతాను గాని, కాగితం ముందు కూర్చుంటే చెయ్యి కదలదు. ఏ హోదాలో చేరానో, ఏ హోదాలో దిగిపోయానో రాసి మీ బుర్ర తినను. అదంతా సర్వీసు రిజిస్టరులో ఉంది, దాన్ని చదివే నాథుడు లేడు.

నేను బందరు మనిషిని. మా ఇంట్లో తాతల నాటి నుంచీ అందరూ బడిపంతుళ్ళూ, గుమాస్తాలూ. కెమిస్ట్రీ చదివిన ఆడపిల్ల సీసాలు పట్టుకుని మురుగుకాలవల వెంట తిరుగుతుందని తెలిసి మా మేనత్త ముక్కున వేలేసుకుంది. "ఒసేయ్, నీళ్ళు తోడటానికి డిగ్రీ ఎందుకే?" అని దెప్పేది. చాలా ఏళ్ళు ఆవిడకి జవాబు చెప్పలేకపోయాను. మా పని నిజంగానే నీళ్ళు తోడటం, అందులో ఏముందో చూడటం, ఉన్నది ఉన్నట్టు రాయడం.

మురికి నీళ్ళతోనే మాకు తలనొప్పి అని బయటివాళ్ళు అనుకుంటారు. అదేం లేదు పిల్లలూ. కంపు కొట్టే నీళ్ళు తమ సంగతి తామే చెప్పేస్తాయి. నన్ను భయపెట్టినవన్నీ తేటనీళ్ళే. ఆ భయం గురించి రాస్తాను, మీ పుస్తకాల్లో అది దొరకదు కాబట్టి.

ఏమీ లేని నీళ్ళు

నేను పని నేర్చుకున్నది దక్షిణామూర్తి గారి దగ్గర. ఆయన మా పెద్ద కెమిస్టు, మహా చండశాసనుడు. సీసా సరిగ్గా కడగకపోతే తిట్టేవారు కాదు, మాట్లాడటం మానేసేవారు. అదింకా నరకం. పై అధికారులొస్తే మాత్రం ఆ పులి పిల్లి అయిపోయేది. ఆయన చేతికింద తయారైనందుకు ఇప్పటికీ గర్వపడతాను, అధికారుల ముందు ఆయన మింగేసిన మాటలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రెండూ నిజమే.

ఆయన రిటైర్మెంటు దగ్గరపడ్డ రోజుల్లో మాకు కొత్త మిషను వచ్చింది. ప్లాస్టిక్‌ని మెత్తబరిచే నూనెలు నీళ్ళలో ఉన్నాయేమో చూడమన్నారు. వాటిని థాలేట్లు అంటారు, పేరుతో మీకిప్పుడు పనిలేదు. సంగతి ఇది. నీళ్ళ గొట్టం గట్టిగా ఉంటుంది, కుర్చీకి వేసే రెక్సిన్ మెత్తగా ఉంటుంది. రెండూ ఒకే జాతి ప్లాస్టిక్. చపాతీ పిండిలో నూనె కలిపినట్టు ఆ రెండోదానిలో ఒక నూనె కలుపుతారు. ఆ నూనె ప్లాస్టిక్‌తో గట్టిగా ముడిపడి ఉండదు. ఎండ తగిలితే, నీళ్ళు తగిలితే, ఏళ్ళు గడిస్తే, మెల్లిగా బయటికి వచ్చేస్తుంది. రంగుండదు, వాసన ఉండదు.

ఏ పరీక్షకైనా ముందు ఏమీ లేని నీళ్ళు పెట్టి చూడాలి. నూనె ఉంటే మిషను గీత గుట్టలా లేస్తుంది, లేకపోతే తిన్నగా పోవాలి. మాకు పోలేదు. కాగితం మీద చిన్న గుట్టలా లేచింది. నేను సీసా కడగలేదని దక్షిణామూర్తి గారు నాతో మాట్లాడటం మానేశారు. తర్వాత ఆయనే స్వయంగా కడిగి పెట్టారు. మళ్ళీ గుట్ట లేచింది.

ఇక వేట మొదలైంది. చేతి తొడుగులు తీసేశాం. నీళ్ళొచ్చే ప్లాస్టిక్ ట్యూబు పీకేసి గాజు గొట్టం పెట్టించాం. నేలమీది రెక్సిన్ చుట్టేసి వరండాలో పడేశాం. కుర్చీలు కూడా మార్చారు ఆ మహానుభావుడు, చెక్క బల్లల మీద కూర్చుని పనిచేశాం. గుట్ట తగ్గింది గాని పోలేదు. కిటికీలు మూసి, పంకా ఆపి, ఊపిరి బిగబట్టి చూసినా, ఏమీ లేని ఆ నీళ్ళలో అది ఉంది.

ఒక సాయంత్రం ఆయన ఆ కాగితం ముందేసుకుని కూర్చున్నారు. "ఎక్కడినుంచి వస్తోందో తెలియడం లేదమ్మా," అన్నారు. "గాలిలో ఉందేమో. మన చేతుల్లో ఉందేమో. మనమే మోసుకొస్తున్నామేమో దీన్ని."

అంత గట్టి మనిషి నోట తెలియదన్న మాట నేనెప్పుడూ వినలేదు. ఇంటికెళ్ళి చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నాను, పిచ్చిదానిలా. చివరికి ల్యాబులో ఎప్పుడూ లేచే ఆ చిన్న గుట్టని లెక్కలోంచి తీసేసి, మిగిలింది రాయడం అలవాటు చేసుకున్నాం. ప్రపంచంలో అందరూ చేసేది అంతే. మీరూ అదే చెయ్యండి. కాని తీసేసింది కూడా ఉన్నదేనని మనసులో పెట్టుకుని చెయ్యండి.

వంతెన మీద అన్నదమ్ములు

గుడివాడలో కాలవ వంతెన దగ్గర మేము నీళ్ళు తీసేవాళ్ళం. ఒక ఉదయం తాడుకి సీసా కట్టి దించుతుంటే ఇద్దరు అన్నదమ్ములు వచ్చి పక్కన నిలబడ్డారు. కొత్తగా గుండు చేయించుకున్న తలలు, తెల్లపంచెలు. ఇద్దరూ కలిసి ఒక పెద్ద ఫ్లెక్సీ మోసుకొచ్చారు, సరుగుడు కర్రల ఫ్రేముతో సహా. దాని మీద గుబురు మీసాల ముసలాయన. పైన "కన్నీటి నివాళి". తండ్రి పెద్దకర్మ ముందురోజే అయినట్టుంది. చెప్పులు విప్పి, ఫ్లెక్సీకి దణ్ణం పెట్టుకుని, నిద్రపోతున్న మనిషిని దించినట్టు మెల్లిగా నీళ్ళలోకి జార్చారు.

నా నోరు ఊరుకోదుగా. "ఏవయ్యా, చదువుకున్నవాళ్ళలా ఉన్నారు, కాలవలో వేస్తారా దాన్ని?"

పెద్దవాడు దిగులుగా చూశాడు. "ఏం చెయ్యమంటారండీ మరి? మా నాన్నని చెత్తబండిలో వెయ్యమంటారా?"

"ఇంట్లో పెట్టుకోవచ్చుగా."

"ఎదురుగా ఉంటే మా అమ్మ అన్నం తినట్లేదండీ."

కాల్చెయ్యమని అనబోయి నోరు నొక్కుకున్నాను. అప్పుడే ఒకసారి కాల్చొచ్చిన పిల్లలకి ఆ మాట ఎలా చెప్పను? పైగా ఆ సరుకు కాలిస్తే వచ్చే పొగ ఎలాంటిదో నాకు తెలుసు.

"పారే నీళ్ళలో వదిల్తే దోషం లేదన్నారండీ," అన్నాడు చిన్నవాడు. "దేవుడి పటాలు వదుల్తాం గదా, అట్టాగే."

వాళ్ళని తిట్టడానికి నాకు మనసు రాలేదు. పాత పటమైనా, చిరిగిన పంచాంగమైనా, ఎండిన పూలైనా కాళ్ళ కింద పడకూడదని కాలవలో వదలడం మా ఇంట్లోనూ ఉంది. కాగితం నానిపోతుంది, పూలు కుళ్ళిపోతాయి, నీళ్ళకేం కాదు. ఈ ఫ్లెక్సీలు వచ్చాక ఆ మర్యాదే నీళ్ళ మీదకి వచ్చింది. నాయకుల ఫ్లెక్సీలకి ఆ గౌరవం లేదు లెండి, అవి గడ్డివాముల మీదా, పాకల మీదా పడి ఉంటాయి. చెత్తలో వెయ్యడానికి చెయ్యి రానివి రెండే, దేవుళ్ళవీ, పోయినవాళ్ళవీ. అందుకని అవి మాత్రం ప్రేమగా నీళ్ళలోకి వస్తాయి.

ఆ ముసలాయన వంతెన కిందికి వెళ్ళి, అటుపక్క వెల్లకిలా బయటికొచ్చాడు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. మలుపు తిరిగేదాకా ఆ అన్నదమ్ములు నిలబడి చూశారు. నేనూ చూశాను, సీసా సంగతి మర్చిపోయి.

వేసవిలో కాలవకి నీళ్ళు కట్టేశాక ఒకసారి అడుగున నడిచాను. బురద ఎండి నెర్రెలు వేసింది. నెర్రెల మధ్య నుంచి మొహాలు ఆకాశంలోకి చూస్తున్నాయి. ఒక చెంప, ఒక బొట్టు, సగం నవ్వు. ఒకదాని అంచు పట్టి లాగాను. అప్పడంలా ఫెళ్ళున విరిగింది. ఫ్లెక్సీ కూడా ఆ రెక్సిన్ జాతే, కొత్తది చీరలా మడత పడుతుంది, మీరు చూసే ఉంటారు. ఇది విరిగిపోతోంది. దాని మెత్తదనం అంతా ఎటు పోయింది? ఆ ముక్క పట్టుకుని ఎండలో అలాగే నిలబడ్డాను. ఎటు పోతుంది, నీళ్ళలోకి పోయింది. కాలవలోంచి మురుగుకాలవలోకి, అక్కడినుంచి పాయలోకి, పాయలోంచి సముద్రంలోకి.

మడ

సముద్రంలోకి పోయిన ఫ్లెక్సీలు ఏమవుతాయో నాకు కృష్ణ పాయ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర తెలిసింది. వానలు వెనకబట్టాక ఒడ్డు వెంట నీటి వాలు దక్షిణానికి తిరుగుతుంది. బందరు వైపు డ్రెయిన్లు కక్కిందంతా అటు కొట్టుకెళ్తుంది. ఉయ్యూరు వైపు నుంచి వచ్చేది ఏటి వెంట వస్తుంది. రెండూ కలిసేచోట, ఉప్పునీళ్ళలో పెరిగే మడ అడవి ఉంది. మడచెట్ల వేళ్ళు నీళ్ళలోంచి చేతివేళ్ళలాగే పైకి లేచి ఉంటాయి, ఏది వచ్చినా పట్టుకుంటాయి.

అక్కడ మాకు పడవ నడిపింది నాంచారమ్మ. మడ పక్కన చేపలు పట్టుకునే పల్లెకారుల గూడెం ఒకటుంది, ఆవిడ అక్కడి మనిషి. మొగుడు సముద్రంలో పోయాడు. అత్తగారిని సాకుతూ, మడ పాయల్లో పీత పిల్లల్ని పట్టి, కాస్త పెరిగేదాకా ఉంచి, పీతల చెరువులవాళ్ళకి అమ్ముకునేది. నవ్వు మొహం, గలగలా మాట్లాడేది. పాయ మలుపు తిరగ్గానే మాత్రం మాట ఆగిపోయింది.

"అటు చూడకండి మేడంగారూ," అంది మెల్లిగా.

చూడొద్దంటే చూడకుండా ఉంటామా? వేళ్ళ మధ్య, కొమ్మల మీద, బురదలో, మొహాలు. ముసలివాళ్ళవి, నడివయసువాళ్ళవి, ఒక పెళ్ళికాని పిల్లది. పేర్లు చెరిగిపోయాయి. అన్నీ నీలంగా ఉన్నాయి. అందరి మొహాలూ ఒకే నీలం. ఎండకి ఎరుపూ పసుపూ రంగులు ముందు పోతాయి, నీలమూ నలుపూ ఆఖరికి మిగులుతాయి. ఆ సంగతి నాకు చక్కగా తెలుసు. తెలిసి కూడా చూపు తిప్పుకోలేకపోయాను. పోటు నీళ్ళు లోపలికి వస్తుంటే ఆ మొహాలన్నీ కొద్దికొద్దిగా లేచి, మళ్ళీ వాలుతున్నాయి, ఏదో అడిగితే అవునన్నట్టు.

"ఎవరే వీళ్ళంతా?"

"ఎవరైతే ఏందండీ, పోయినోళ్ళు. మనం చూస్తే మనల్ని గుర్తుపెట్టుకుంటారంట. గూడెంలో ఎవురూ ముట్టుకోరు."

సీసాలో పట్టిన నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అంత తేట నీళ్ళు బందరులో నాకు తాగడానికి కూడా దొరకవు.

ఆ మరుసటి ఏడాది నాంచారమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. గొంతు గుర్తుపట్టలేకపోయాను. "మేడంగారూ, మీరొకసారి రావాలండీ. నన్ను మడలో దిగొద్దంటన్నారు."

జరిగింది ఇది. ఆవిడ పీత పిల్లల్ని మట్టి తొట్లలో పెంచేది. ఇంకాస్త ఎక్కువ పెంచుదామని ఇంటి వెనక ఇసకలో గుంట తవ్వింది. ఇసకలో నీళ్ళు నిలవ్వు కదా, అడుగున పరవడానికి ఏదైనా కావాలి. ఎవరూ ముట్టుకోని ఫ్లెక్సీలు మడలో ఉన్నాయి. కొత్తగా కొట్టుకొచ్చిన మెత్తటిదాన్ని ఒకటి చూసుకుని, దణ్ణం పెట్టుకుని, తెచ్చి పరిచింది. మొహం కనపడకుండా బోర్లా వేసింది, పాపం.

పీతకి ఒళ్ళు పెరగాలంటే పాత గుల్ల విడిచి బయటికి రావాలి. ఆ గుంటలోవి గుల్ల విడవడం మొదలుపెట్టి, సగంలో ఆగిపోయి చచ్చిపోతున్నాయి. నేను వెళ్ళి చూశాను. పాత గుల్లలోంచి సగం బయటికొచ్చిన మెత్తటి పీత, గుల్లవీ తనవీ రెండు జతల కళ్ళతో, ఒకదాని వెనక ఒకటి. అలాంటివి గుంట నిండా. చెరువులవాళ్ళు కొనుక్కెళ్ళినవీ అలాగే పోయాయట.

ఫ్లెక్సీ సంగతి గూడెంలో తెలిసిపోయింది. పోయినవాళ్ళ మొహాన్ని తెచ్చి నీళ్ళ కింద పెట్టింది, వాళ్ళు ఊరుకుంటారా అన్నారు. ఆవిడ పట్టింది ఏదీ బతకదన్నారు. ఆవిడ దిగిన పాయలో తాము వల వెయ్యబోమన్నారు. అమావాస్యకి పెద్దలు కూర్చుని తేలుస్తారు, ఈలోపు మడలోకి పోవడానికి వీల్లేదు. మడ లేకపోతే ఆవిడకీ ముసలిదానికీ పొయ్యి వెలగదు.

"నా చెయ్యి మంచిది కాదేమోనండీ," అంది నాంచారమ్మ, రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంటూ. "మొగుణ్ణి కూడా ఈ చేత్తోనే సాగనంపాను."

"నోరుముయ్యి," అన్నాను. గట్టిగానే అన్నాను. ఏడుపు ఆపుకోవడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే.

మూడు తొట్లు

ఇక్కడ నా ఇబ్బంది చూడండి. పీతల్ని చంపింది ఆ ఫ్లెక్సీయేనని నాకు లోపల అనిపించింది. అందులోంచి ఊరే నూనెలు ఇలాంటి జీవాల గుల్ల విడిచే పనికి అడ్డం పడతాయని చదివాను. కాని పెద్దల ముందుకెళ్ళి "అవును, ఫ్లెక్సీయే చంపింది" అంటే వాళ్ళేమంటారు? మేం చెప్పింది అదేగా అంటారు. నా శాస్త్రం వాళ్ళ దెయ్యానికి సాక్ష్యం చెప్పినట్టవుతుంది, నాంచారమ్మ మెడకి ఉరి బిగుస్తుంది. పోనీ కాదంటే అబద్ధం. ఇంత ఇరకాటంలో నేను సర్వీసు మొత్తంలో ఎప్పుడూ పడలేదు.

గూడెం పెద్ద కోటయ్య గారి దగ్గరికి వెళ్ళాను. డెబ్భై దాటిన మనిషి, రాయిలాంటి ఒళ్ళు. చెడ్డవాడేం కాదు. నా మాట మొత్తం విన్నాడు.

"చచ్చిపోయినవాళ్ళ బొమ్మ వల్లో, ఫ్లెక్సీ వల్లో తేల్చుకుందాం," అన్నాను. "మూడు మట్టి తొట్లు పెడదాం. ఒకదానిలో ఏమీ వద్దు, ఉత్త నీళ్ళు. ఒకదానిలో నాంచారమ్మ తెచ్చిన ఫ్లెక్సీ పరుద్దాం. ఇంకోదానిలో బతికున్నవాళ్ళ ఫ్లెక్సీ పరుద్దాం. మూడింటిలోనూ ఒకే పాయ నీళ్ళు, ఒకే పీత పిల్లలు, ఒకే మేత. బొమ్మలు పైకే ఉండాలి, అందరూ చూసేటట్టు."

"బతికున్నోళ్ళది ఎవురిస్తారమ్మా?" అన్నాడు కోటయ్య.

ఎవరూ ఇవ్వలేదు. పుట్టినరోజువీ, ఓణీల ఫంక్షనువీ, ఇంటికొకటి ఉన్నాయి గూడెంలో. అడిగితే తలుపులు వేసుకున్నారు. చివరికి కోటయ్యకే రోషం వచ్చింది. గూడెం మొదట్లో కుర్రాళ్ళు కట్టిన ఆయన పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంది, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని దణ్ణం పెడుతున్నది. "నాది పెట్టండమ్మా. నేను దేనికి భయపడాలి?" అన్నాడు.

వాళ్ళావిడ లబలబలాడింది. "ఏం మనిషివయ్యా నువ్వు! బతికుండగానే నీ మొహాన్ని నీళ్ళలో ముంచుకుంటావా?"

"ఊరుకోవే. ఫ్లెక్సీ అది."

తొట్లు ఆయన ఇంటి పంచలోనే పెట్టాం. నాంచారమ్మ చేత్తో తాకలేదు, పీతల్ని కోటయ్య కొడుకే పట్టుకొచ్చి వేశాడు, ఆవిడ చెయ్యి అనే మాట రాకుండా. నేను అవనిగడ్డలో ఉండి వచ్చిపోతూ ఉన్నాను.

మొదట్లో ఆయన హుషారుగా ఉన్నాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించి నవ్వేవాడు. పీత పిల్లలు ఆయన చెంపల మీద పాకేవి, కళ్ళద్దాల మీద కూర్చునేవి. నీళ్ళు కదిలినప్పుడల్లా అడుగున ఆ పెదాలు ఏదో అంటున్నట్టు ఉండేవి. తర్వాత తర్వాత ఆయన నవ్వడం మానేశాడు. నేనెప్పుడు వెళ్ళినా ఆ తొట్టి ముందే గొంతుక్కూర్చుని కనిపించేవాడు. వాళ్ళావిడ అన్నానికి పిలిస్తే పలికేవాడు కాదు.

పోయినవాళ్ళ తొట్టిలో పీతలు గుల్ల విడవబోయి సగంలో పోయాయి, అందరూ అనుకున్నట్టే. జనం నాంచారమ్మ వైపు చూశారు. ఆ మర్నాడే కోటయ్య తొట్టిలో మొదలైంది. ఒకటి ఆయన నుదుటి మీద, ఒకటి నోటి మీద, సగం బయటికొచ్చి, రెండు జతల కళ్ళతో అలాగే ఆగిపోయాయి.

నేను వెళ్ళేసరికి పంచలో జనం మూగి ఉన్నారు. కోటయ్య గారు తొట్టి అంచు పట్టుకుని నా వంక తలెత్తారు.

"అమ్మా," అన్నారు. "నేను బతికే ఉన్నాను గదా?"

నవ్వు రావాల్సిన మాట. ఒక్కరికీ రాలేదు. ఆయన పక్కన కూలబడి, ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. పరాయి మగవాడి చెయ్యి పట్టుకున్నానని మా మేనత్త వింటే ఏమనేదో గాని, అప్పుడు అదొక్కటే తోచింది. "నిక్షేపంగా ఉన్నారు బాబాయ్," అన్నాను. "చూడండి, ఎంత వెచ్చగా ఉందో. మీరు బతికే ఉన్నారు, పీతలు చచ్చిపోయాయి. అంటే పోయినవాళ్ళ వల్ల కాదు. మొహం ఎవరిదైనా ఒకటే, చంపింది ఆ గుడ్డలాంటి ప్లాస్టిక్."

చాలాసేపు నా చెయ్యి వదల్లేదు ఆయన.

పెద్దలు కూర్చున్న రోజు

మూడు తొట్ల నీళ్ళూ గాజు సీసాల్లో బందరు తీసుకెళ్ళి మిషనులో పెట్టించాను. రెండు ఫ్లెక్సీ తొట్లలోనూ ఆ నూనెలు దండిగా ఉన్నాయి. అనుకున్నదే. ఫ్లెక్సీ వెయ్యని ఉత్త మట్టి తొట్టి నీళ్ళ కాగితం చూసి మాత్రం కూర్చుండిపోయాను. ల్యాబులో ఎప్పుడూ లేచే గుట్టని తీసేశాక కూడా, అందులో ఇంకా ఉంది. కొద్దిగానే గాని, ఉంది. ఆ తొట్టిలో ప్లాస్టిక్ ముక్క లేదు. ఉన్నవి పాయ నీళ్ళు.

కోటయ్య కొడుక్కి ఫోను చేసి అడిగాను. ఆ ఉత్త తొట్టిలో చాలా పీతలు శుభ్రంగా గుల్ల విడిచాయి, తిరుగుతున్నాయన్నాడు. అన్నీ కాదన్నాడు. కొన్ని అలాగే సగంలో పోయాయట.

అవి ఆ నూనె వల్లే పోయాయని నేను ప్రమాణం చెయ్యలేను. ఫ్లెక్సీలో నూనె ఒక్కటే ఉండదు, రంగులుంటాయి, ఇంకా నానా మందులుంటాయి. పాయలో చెరువుల మందులు కూడా కలుస్తాయి. మీరెప్పుడైనా ఇలాంటిది రాయాల్సి వస్తే, తెలిసినదాకా రాసి ఆగండి. ఆగినచోట గీత గీసి, ఇక్కడినుంచి నాకు తెలియదని రాయండి. దానికి సిగ్గుపడక్కర్లేదు.

పెద్దలు రామాలయం అరుగు మీద కూర్చున్నారు. నేను నోరు తెరిచే పనిలేకుండా కోటయ్య గారే లేచారు. "ఆ పిల్ల చేతిలో ఏం లేదు. పోయినోళ్ళ చేతిలోనూ ఏం లేదు. నా మొహం మీద కూడా చచ్చినయ్యి గదరా, నేను దెయ్యాన్నా?" అని గద్దించారు. ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో అందరూ నవ్వేశారు, ఎన్నో రోజుల నుంచీ బిగబట్టిన నవ్వు. నాంచారమ్మ రేపటినుంచి మడలోకి పోవచ్చన్నారు. ఫ్లెక్సీలు ఎవరూ గుంటలకి వాడొద్దన్నారు. ముసలి అత్తగారు కోడలి తల నిమిరి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మొత్తం ఉద్యోగంలో నేను రాసిన రిపోర్టు వల్ల ఒక మనిషి మేలు పొందడం కళ్ళారా చూసింది ఆ ఒక్కసారే.

నాకు టీ ఇచ్చి, నాంచారమ్మ నన్ను పక్కకి తీసుకెళ్ళింది, కోటయ్య పంచలోకి. ఫ్లెక్సీ తొట్లు అప్పటికే పారబోసేశారు. ఉత్త మట్టి తొట్టి ఒక్కటే ఉంది. నీళ్ళు తేటగా, అడుగున ఎర్రమట్టి కనిపించేటంత తేటగా ఉన్నాయి. బతికిన పీతలు తిరుగుతున్నాయి. పోయినవి ఒక మూలకి చేరి ఉన్నాయి.

"దీంట్లో ఫ్లెక్సీ లేదు గదండీ," అంది. "ఇయ్యెందుకు పోయినయ్యి?"

చెప్పకపోతే బాగుండునని ఎంత అనిపించిందో. కాని ఆవిడ పిలిస్తే వచ్చాను, అడిగినదానికి ఎగ్గొట్టి పోలేను. చెప్పాను. పాయ నీళ్ళలోనే కొద్దిగా ఉందని, ఏటి నుంచీ డ్రెయిన్ల నుంచీ వస్తోందని, మిషనులో చూశానని.

"పాయలో వొద్దులెండి. బయటికి, సముద్రంలోకి పోయి పీతల్ని పట్టుకుంటే?"

"అక్కడా తీశాను నాంచారమ్మా. నీళ్ళ రంగు మారేచోటు దాటి కూడా తీశాను. పలచబడుతుంది. లేకుండా పోదు."

"మీ బందర్లో?"

"అక్కడా ఉంది. నేను తాగే నీళ్ళలోనూ ఉండి ఉంటుంది."

ఆవిడ మళ్ళీ తొట్టిలోకి చూసింది. గుడి దగ్గర్నుంచి జనం నవ్వులు వినిపిస్తున్నాయి. కోటయ్య గారి గొంతు అన్నిటికంటే పైన వినిపిస్తోంది.

"మీరు రాకముందే నయమండీ," అంది చివరికి. కోపం లేదు ఆ గొంతులో. "ఈ పీడ నా ఒక్కదానికే పట్టిందనుకున్నాను అప్పుడు."

నాంచారమ్మ వంగి తొట్టిని నడుం మీదికి ఎత్తుకుంది. పాయ ఒడ్డుకి వెళ్ళి, మోకాలి లోతుకి దిగి, నెమ్మదిగా ఒంపింది. బతికిన పీత పిల్లలు ఒక్కొక్కటే జారి మడ నీళ్ళలోకి పోయాయి. వాటిని వదలడానికి ఆవిడకి వేరే నీళ్ళు లేవు.